ముసుగు కింద ల్యాప్‌టాప్

పరదాల దుకాణంలో పందెం దాకా వచ్చి ఆగాం. కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు.

దుకాణం అత్తగారిది. మిషను తొక్కి తొక్కి నిలబెట్టింది. కొడుకు ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలిచి వస్తాడు. మెడలో కొలత టేపు తీసింది ఎవరూ చూడలేదు గనక వీధిలో అందరికీ ఆయన టేపాయన. కోడలు వెనకగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కొటేషన్లు, బిల్లులు, కొలత చీటీలు తయారు చేస్తుంది. ఆ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. తీగ ఊడితే ఆరిపోతుంది. తీగ గోడదాకానే వస్తుంది. అంచేత కోడలు కూడా గోడదాకానే.

మొన్న ఆమె తమ్ముడు సిమ్ము వేసి మరీ ఒక టాబ్లెట్ ఇచ్చాడు. దీంతో పనంతా అయిపోతుంది, ఇకనించి కొలతలకి నేనే వెళ్తాను, అక్కడికక్కడే కొటేషను రాసిచ్చి వస్తాను అంది కోడలు. అది బొమ్మలు చూసుకునే పలక, దాంతో దుకాణం నడవదు అన్నాడు టేపాయన. మాట మీద మాట పెరిగింది. అత్తగారు అంగుస్తానాతో బల్ల మీద కొట్టింది. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఆ ఇత్తడి తొడుగును ఆవిడ కుట్టడం మానేశాక కూడా తీయలేదు. అది టక్కుమంటే ఆ ఇంట్లో మిగతా చప్పుళ్లన్నీ ఆగిపోతాయి.

తీర్పు చెప్పింది. ఒక్క రోజు. షట్టరు ఎత్తినప్పటినించి దించేదాకా పనంతా టాబ్లెట్‌తోనే జరగాలి. జరిగితే రేపు ఆడపిల్లల హాస్టల్లో కిటికీలు కొలవడానికి కోడలు వెళ్తుంది, కొడుకు వెనకగదిలో కుర్చీలో కూర్చుంటాడు. జరక్కపోతే కోడలు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

ల్యాప్‌టాప్ మీద, పరదాల వెనక కుట్టే అస్తరు గుడ్డ కప్పారు. ఆ ముసుగు తీయాల్సిన అవసరం పడితే కోడలు ఓడినట్టు. పోయినవాళ్లకి కప్పినట్టు కప్పావేంటమ్మా అని టేపాయన నొచ్చుకున్నాడు. షట్టరు లేచింది.

అక్కడికి పోయిన వారం.

రోజూ అయితే టేపాయన షట్టరు ఎత్తగానే మాయమవుతాడు. ఇవాళ కదల్లేదు. పందానికి సాక్షి ఉండాలి కదా అని గుమ్మం పక్కన స్టూలు వేసుకున్నాడు. ఒళ్లో ఒక పరదా రాడ్డు పెట్టుకుని తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

పొద్దుటి బేరం కోడలికి కలిసొచ్చింది. కొత్తగా కాపురం పెట్టిన జంట వచ్చారు. ఆమెకి లేత ఆకుపచ్చ కావాలి. ఆయనకి నీలం కావాలి. గోడ రంగు ఏమిటంటే ఇద్దరూ రెండు రంగులు చెప్పారు. కోడలు వాళ్ల ఫోన్లోంచి గది ఫోటో టాబ్లెట్‌లోకి తెప్పించుకుంది. దాని మీద ఒక పక్క పచ్చ పరదా, ఒక పక్క నీలం పరదా వేసి చూపించింది. ఇద్దరూ చాలాసేపు చూశారు. చివరికి గోధుమరంగు తీసుకున్నారు. బిల్లు వాళ్ల ఫోనుకే వెళ్లిపోయింది. కోడలు కుర్చీ ముఖమే చూడలేదు. మొత్తం బేరం గుడ్డల బీరువా దగ్గర నిలబడే ముగించింది.

అత్తగారు అంతా చూసింది. అంగుస్తానా బల్లకు ఆనించి ఊరుకుంది. అది ఆవిడ మెచ్చుకోవడం.

టేపాయన ఫోను మోగింది. ఆయన మెట్లు దిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడి వచ్చాడు. ఎవరని తల్లి అడిగితే రాడ్ల కంపెనీ అన్నాడు. కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ రాడ్ల కంపెనీయే. రాడ్ల కంపెనీకి ఇవాళ నీ మీద ఇంత ప్రేమేమిట్రా అని తల్లి విసుక్కుంది.

తరవాత హాస్టలు కొటేషను మొదలైంది. అసలు కష్టం అక్కడ. అది షట్టరు దించేలోగా వార్డెనుకు చేరాలి. ఇంకో దుకాణం వాళ్లు కూడా పంపుతున్నారని ఆవిడ ముందే చెప్పింది. అసలు కొలతలు రేపే, ఇవాళ వార్డెను చెప్పిన లెక్కకి రేట్లు. గదికో రకం కిటికీ. గుడ్డ వేరు, అస్తరు వేరు, రింగులు వేరు, కుట్టుకూలి వేరు. అన్నీ గళ్లలో రాయాలి. టాబ్లెట్ మీద రాయబోతే అక్షరాల పలక లేచి సగం కాగితాన్ని మింగేసింది. రాసేది కనపడదు, కనపడే చోట రాయడానికి లేదు. కోడలు ఒక్క వేలితో పొడుచుకుంటూ కూర్చుంది.

"రాస్తున్నావా, రాళ్లేరుతున్నావా?" అంది అత్తగారు.

కోడలు సంచీలోంచి చిన్న కీబోర్డు తీసింది. అదీ తమ్ముడే ఇచ్చాడు. టాబ్లెట్ నిలబడటం లేదని ఒక స్టాండు తీసింది. వేలు గళ్ల మీద జారిపోతోందని ఒక మౌసు తీసింది. టేపాయన రాడ్డు పక్కన పెట్టి, దగ్గరకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. చాలాకాలానికి ఆయన ముఖం విప్పారింది.

"స్టాండు ఉంది, కీబోర్డు ఉంది, ఎలక ఉంది. ఇన్నీ తగిలించాక దీన్ని ఏమంటారమ్మా? ల్యాప్‌టాపే అంటారు. అది మనకి ముందే ఉంది."

"ఇవి ఊడదీస్తే మళ్లీ టాబ్లెట్ అవుతుందండీ," అంది కోడలు తలెత్తకుండా. "ఆ ల్యాప్‌టాప్ తీగ ఊడదీసి చూడండి ఏమవుతుందో."

లోపల గుడ్డలు కత్తిరించి కుట్టే మాస్టరు దగ్గినట్టు నవ్వాడు.

కొటేషను సగమైంది. అంతలో మాస్టరుకి చీటీ కావలసి వచ్చింది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. గుడ్డకి కొలత చీటీ గుచ్చకుండా కత్తెర పెట్టకూడదు. ఎప్పుడో ఒకరి పొడుగు ఇంకొకరి వెడల్పుకి కత్తిరించి గుడ్డ తాను మొత్తం పాడైతే అత్తగారు పెట్టిన పద్ధతి. ల్యాప్‌టాప్‌కి తీగతో కట్టిన పాత ప్రింటరు ఆ చీటీలు కక్కుతుంది. ఆ ప్రింటరుకి ల్యాప్‌టాప్ తప్ప ఇంకెవరి మాటా తెలీదు. టాబ్లెట్‌ని దాని పక్కనే పెట్టినా పరాయివాళ్లని చూసినట్టు చూసింది. పోనీ చేత్తో రాసిస్తానంది కోడలు. చేత్తో రాస్తే పనంతా టాబ్లెట్‌తో చేసినట్టు ఎలా అవుతుందని టేపాయన లా పాయింటు తీశాడు. అత్తగారు ఆలోచించి, వాడన్నదీ నిజమే అంది.

దాంతో టాబ్లెట్టే చీటీగా మాస్టరు బల్ల మీదకు వెళ్లింది.

"గుండుసూది ఎక్కడ గుచ్చనమ్మాయ్?" అని అడిగాడు మాస్టరు.

గుచ్చకుండా చూసుకోమంది కోడలు. మాస్టరు చూశాడు. పొడుగు చదివి టేపు అందుకునేలోపల టాబ్లెట్ నల్లబడింది. వేలితో తాకమన్నారు. ముప్పొద్దులా సుద్దముక్క పట్టుకునే వేలు అది, పైగా గట్టిపడిపోయింది. టాబ్లెట్ ఆ వేలిని ఖాతరు చేయలేదు. అమ్మాయ్, ఇది మళ్లీ పడుకుంది అని కేకేశాడు. కోడలు వచ్చి లేపింది. వెడల్పు చదివేలోపల మళ్లీ పడుకుంది. ఇంటల్లుడు కూడా ఇంత పడుకోడు అన్నాడు మాస్టరు. రెండు చేతులా గుడ్డ పట్టుకుని ఉండగా ఒకసారి విసుగొచ్చి ముక్కుతో పొడిచాడు. లేచింది. అప్పటినించీ ముక్కుతోనే లేపాడు.

ఈ లోపల ముందుగదిలో ఎవరో గుడ్డల ఫోటోలు అడుగుతున్నారు. ఫోటోలు టాబ్లెట్‌లో ఉన్నాయి. టాబ్లెట్ మాస్టరు ముక్కు కింద ఉంది. కోడలు లోపలికి, బయటికి, లోపలికి, బయటికి తిరిగింది. చెంపల మీద చెమట. అయినా ముఖంలో అలసట లేదు. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ ఆమెకి కాళ్లు కూడా ఉన్నాయని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అత్తగారి చూపు ఆ కాళ్ల వెంటే తిరిగింది.

మధ్యాహ్నం వాలాక నాటకసంఘం వాళ్ల తెర తీసుకెళ్లడానికి బండి వచ్చింది. రంగస్థలానికి కట్టే పెద్ద తెర. ఎర్రటి మందపాటి మఖమలు, దాని కింద అస్తరు. ఆ ఒక్క తెర కొలవడానికి టేపాయన ఎన్ని మధ్యాహ్నాలు వాళ్ల నాటకాల హాలుకి వెళ్లాడో లెక్కలేదు. ఆ స్టేజీ ఏమన్నా రోజూ పెరుగుతోందా అని తల్లి ఒకసారి అడిగింది కూడా. ఇప్పుడు తయారై మాస్టరు బల్ల నిండా పరుచుకుని ఉంది. మాస్టరు అంచు కొలత ఆఖరిసారి సరిచూశాక, బండివాడూ తనూ చెరో వైపు పట్టి చుట్టారు. తాళ్లు కట్టారు. భుజానికెత్తారు. బండి వెళ్లిపోయింది.

కోడలు వచ్చి టాబ్లెట్ ఏదని అడిగింది.

ఇప్పటిదాకా ఇక్కడే పడుకుంది కదమ్మా అన్నాడు మాస్టరు. గుడ్డ ఎగరకుండా నాలుగు మూలలా బరువు పెట్టడం ఆయనకి చిన్నప్పటినించీ అలవాటు. మూడు మూలల్లో రాళ్లు పెట్టి, నాలుగో రాయి కనపడకపోతే అందినదాన్ని పెట్టాడు. చుట్టేటప్పుడు రాళ్లు తీశాడు. మూడూ బల్ల కింద వరసగా ఉన్నాయి.

బల్ల కింద వెతికారు. గుడ్డ ముక్కల బుట్ట బోర్లించారు. మాస్టరు తన జేబు కూడా చూసుకున్నాడు. తరవాత నలుగురూ వీధి వైపు చూశారు.

టేపాయన తొందరపడలేదు. గెలిచినవాడికి తొందరెందుకు. మెల్లగా వెనకగదిలోకి వెళ్లి ల్యాప్‌టాప్ మీది గుడ్డ కొస పట్టుకున్నాడు.

"చూశావా అమ్మా. ఇదైతే పోయేదా? గోడకి కట్టేసి ఉంటుంది."

"అవును. నాలాగే," అంది కోడలు.

అంగుస్తానా టక్కుమంది. గుడ్డ మీద చెయ్యి తియ్యి అంది అత్తగారు. షట్టరు ఇంకా పైనే ఉందని, పొద్దు ఇంకా ఉందని చెప్పింది. కొటేషను మాటేమిటని కొడుకు అడిగాడు. కోడలు అత్తగారి ఫోను అడిగి తీసుకుంది. అందులోంచి టాబ్లెట్‌కి వీడియో కాల్ చేసింది. మోగితే ఎక్కడుందో ఎవరో ఒకరు చూస్తారు కదా అని ఆమె ఆశ.

మోగింది. చాలాసేపు మోగింది. ఆగి మళ్లీ చేసింది. ఫోన్లో ముందు చీకటి. తరవాత ఎర్రటి వెలుగు. గుడ్డ ఈడుస్తున్న చప్పుడు. తరవాత రెండు పెద్ద ముక్కు రంధ్రాలు కనిపించాయి. అవి కొంచెం వెనక్కి జరిగితే పళ్ల డాక్టరు అయ్యాయి. పొద్దున పళ్లు పీకి, సాయంత్రం నాటకాలు వేయించే మనిషి. నాటకసంఘానికి ఆయనే పెద్ద.

అత్తగారు ఫోను తన చేతిలోకి తీసుకుంది. వెనకనించి కొడుకూ కోడలూ తలలు దూర్చారు. మాస్టరు మళ్లీ మిషను తొక్కుతూ చెవి ఇటు వేశాడు. పళ్ల డాక్టరు అందరినీ చూశాడు. ఆయన కళ్లు టేపాయన మీద ఆగాయి.

"ఏమయ్యా, నువ్వక్కడున్నావా? పొద్దుటినించి చేస్తుంటే రాడ్లు అంటావు, పెట్టేస్తావు. రేపు సాయంత్రం నాటకం పెట్టుకుని ఇవాళ మా అత్తగారు రాకపోతే రిహార్సలు ఎలా నడుస్తుంది?"

దుకాణంలో మిషను ఆగిపోయింది. మాస్టరు కావాలని ఆపలేదు. కాలు దానంతట అదే ఆగింది.

"ఏ అత్తగారు?" అంది అత్తగారు.

పళ్ల డాక్టరు మంచివాడు. మంచివాళ్లకి దాచడం రాదు. మీవాడు వేసే అత్తగారి వేషమేనమ్మా, నాటకానికి అదే ప్రాణం అన్నాడు. ఆడవాళ్లు ఆ వేషానికి ఎవరూ ఒప్పుకోకపోతే, తెర కొలవడానికొచ్చిన మీవాడు ఊరికే రెండు ముక్కలు చెప్పి చూపించాడు, ఇక వదల్లేదు అన్నాడు. ఎక్కడ పట్టాడోగాని ఆ నడక, ఆ చూపు, మాట్లాడే ముందు వేలితో బల్ల మీద టక్కున కొట్టడం చూసి జనం పడి పడి నవ్వుతారని చెప్పాడు.

ఆవిడ అంగుస్తానా అప్పుడు బల్లకి జానెడు ఎత్తులో ఉంది. కొట్టడానికి లేచిందే. అక్కడే ఆగిపోయింది. ఆవిడ దాన్ని చూసుకుంది. మెల్లగా చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

టేపాయన మెడలో టేపుని ఒక కొసనించి చుట్టడం మొదలుపెట్టాడు. కోడలు నవ్వలేదు. పెదవి కొరుక్కుంది. ఇన్నాళ్లూ ఆయన టాబ్లెట్‌కి ఎందుకంత అడ్డం పడ్డాడో ఆమెకి అప్పుడు తెలిసింది. కొలతలకి తను వెళ్తే ఆయన కుర్చీలో కూర్చోవాలి. కుర్చీలో కూర్చుంటే నాటకం లేదు.

"మాతో ముందే చెప్తే సరిపోయేది కదండీ," అంది మెల్లగా.

"ఎవరికి చెప్పను? వేషం ఎవరిదో తెలుసుగా," అన్నాడు ఆయన అంతకంటే మెల్లగా.

తరవాత కోడలే అత్తగారిని అడిగింది. టాబ్లెట్ హాల్లో ఉంది, కొటేషను సగం అందులోనే ఉంది, తను అక్కడికే వెళ్లి పూర్తి చేసి పంపుతానంది. టేపాయనకి మళ్లీ ప్రాణం వచ్చింది. దుకాణం పని దుకాణంలోనే జరగాలని, బయట చేస్తే చెల్లదని అన్నాడు.

"పని అయిందా అని అడుగుతానన్నాను. ఎక్కడ అయిందని అడుగుతాననలేదు," అంది తల్లి. లేచి చెప్పులేసుకుంది. "పదవే, నేనూ వస్తాను. నేనెలా నడుస్తానో చూసొస్తాను. ఒరే, నువ్వు ఆ కుర్చీలో కూర్చో."

అత్తా కోడళ్లు వీధిన పడి వెళ్తుంటే చుట్టుపక్కల దుకాణాలవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఇద్దరినీ కలిపి ఎండలో ఎవరూ చూసి ఉండలేదు.

హాల్లో కోడలు స్టేజీ అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంది. కీబోర్డు లేదు, స్టాండు లేదు, ఎలక లేదు. ఒళ్లో టాబ్లెట్ పెట్టుకుని ఒక్క వేలితో మిగతా గళ్లు నింపింది. నెమ్మదిగానే అయింది. అయినా అయింది. ఒక కిటికీ పేరు తప్పుపడితే దిద్దింది. రింగుల రేటు రెండోసారి సరిచూసింది. పంపే గుర్తు మీద వేలు పెట్టింది. వెళ్లిపోయింది. వీధిలో పొద్దు ఇంకా ఉంది.

వెళ్లింది అత్తయ్యా అంది. ఆవిడ తల ఊపింది. రేపు హాస్టలుకి నువ్వే వెళ్లు, ఆ పలక పట్టుకెళ్లు, మాస్టరుకి చీటీలు చేత్తో రాద్దాం, అవి రాయడం నాకూ వచ్చు అంది. కోడలు కాళ్లు ఇంకొంచెం గట్టిగా ఊగాయి.

పళ్ల డాక్టరు మాత్రం తల పట్టుకున్నాడు. రేపు మీ కోడలు కొలతలకి వెళ్తే మీవాడు దుకాణంలో కూర్చోవాలి, మరి మా అత్తగారి గతేమిటని వాపోయాడు. అసలే హాలు నిండుతుందని అనుకుంటున్నారు. ఇవాళ అత్తగారి వేషం లేక, కోడలి వేషం వేసే కుర్రది ఒంటరిగా కుర్చీని తిట్టుకుంటోంది.

అత్తగారు ఆ కుర్రదాన్ని కాసేపు చూసింది. ఏం చేస్తోందది అని అడిగింది. అత్తగారికి ఎదురు చెప్తోందన్నారు. అలా చెప్తే ఏ అత్తగారూ ఊరుకోదు అంది ఆవిడ. మరి ఏమంటుందని పళ్ల డాక్టరు ఆశగా అడిగాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని స్టేజీ మెట్లెక్కింది. అక్కడున్న బల్ల ముందు నిలబడింది. అంగుస్తానా టక్కుమంది. కుర్రది నిజంగానే ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది. కుర్చీల్లో కూర్చున్న నాటకంవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఎక్కడినించి మొదలు?" అంది ఆవిడ.

కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. చాలా ఏళ్లకి అంత నవ్వు. నవ్వుతుండగానే ఒళ్లో టాబ్లెట్ వెలిగింది. హాస్టలు వార్డెను జవాబు. ఒకసారి చదివింది. నవ్వు ఆగిపోయింది. మళ్లీ చదివింది.

మీ దుకాణం నించి రెండు కొటేషన్లు వచ్చాయి. రెండోది తక్కువగా ఉంది, అదే ఖాయం చేస్తున్నాం. మనిషికో రేటు చెప్పే చోట తక్కువ చెప్పిన మనిషితోనే మాట్లాడతాను. రెండోది పంపినవారినే రేపు కొలతలకి పంపండి.

రెండోది ఆమె పంపలేదు. కింద జతచేసి ఉంటే తెరిచి చూసింది. అవన్నీ పోయినేడాది రేట్లు. రేట్లు పెంచాక ఆమె పాత ఫైలు ముట్టుకోలేదు. అది ల్యాప్‌టాప్‌లోనే ఉంది, ముసుగు కింద. దాని ముందు కుర్చీలో ఇప్పుడు ఉన్నది టేపాయన.

"ఏమంటున్నారే వాళ్లు?" అంది అత్తగారు స్టేజీ మీదినించి.

కోడలు టాబ్లెట్‌ని గుండెకి ఆనించుకుంది, వెలుగు లోపలివైపుకి.

"కొటేషను అందిందట అత్తయ్యా."

అది అబద్ధం కాదు. ఆవిడ తృప్తిగా తలూపి కుర్రది వైపు తిరిగింది.

అప్పుడే హాలు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో టేపాయన. పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నాడు. చంకలో ల్యాప్‌టాప్, ఆరిపోయి ఉంది. దాని తీగ వెనకాల నేల మీద ఈడుస్తోంది. ముఖం చూస్తే ఏదో శుభవార్త చెప్పడానికి వచ్చినవాడిలా వెలిగిపోతున్నాడు.

"అమ్మా," అన్నాడు.